ఆఖరున వచ్చినవాళ్ళ అలుపు

"తేలిక నడక" అని పేరు పెట్టిన మహానుభావుడెవరో కనబడితే నాలుగు దులిపి పంపాలని చిట్టికి ప్రతి ఆదివారమూ అనిపించేది. ఆ మహానుభావుడు ఇంట్లోనే ఉన్నాడు, పైగా బావ అయి కూర్చున్నాడు కాబట్టి ఆ దులపడమేదో మనసులోనే కానిచ్చుకునేది. బస్సు ఆఖరి స్టాపులో స్తంభానికి బావ కట్టిన అట్టమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: సముద్రం ఒడ్డున, పొలాల పక్కన తేలిక నడక, పిల్లలూ పెద్దలూ కర్ర పట్టుకుని నడిచేవాళ్ళూ ఎవరైనా రావచ్చు, ఎవరినీ వెనక వదిలిపెట్టం. అందులో ఆ చివరి మాట మాత్రం అబద్ధం కాదు. ఎవరినీ వదిలిపెట్టకుండా చూసే పని చిట్టిది.

చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు. యాభై దాటింది. ఇద్దరాడపిల్లల్లో రెండోది కాబట్టి చిట్టి అన్నారు, జుట్టు నెరిసినా పేరు మాత్రం నెరవలేదు. పెళ్ళి చేసుకోలేదు. అక్కా బావల ఇంట్లోనే పై గదిలో ఉంటుంది. వారమంతా ఆస్పత్రి లాండ్రీలో పని. ఉతికిన దుప్పట్లను ఇద్దరు చెరో కొసా పట్టుకుని విదిలించి వేడి రోలరు నోట్లో పెట్టాలి, అటునుంచి పొగలు కక్కుతూ వచ్చినదాన్ని మళ్ళీ చెరో కొసా పట్టుకుని మడవాలి. అక్కడ కూర్చోవడానికి ఒక స్టూలు ఉంది. దానిమీద ఎప్పుడూ దుప్పట్లే కూర్చుని ఉంటాయి.

శనివారం సాయంత్రానికి కాళ్ళు దూలాలైపోతాయి. ఆదివారం పొద్దున్నే కింది నుంచి బావ గొంతు వినిపిస్తుంది, "మరదలా, టైమైంది!" అని. మనిషి సిటీ బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. స్టీరింగు చేతిలోంచి పోయింది గానీ బుర్రలోంచి పోలేదు. ఇంట్లో కూరగాయల సంచీ ఎత్తినా అద్దంలో వెనక్కి చూసుకున్నట్టు ఒకసారి తల తిప్పి మరీ కదులుతాడు. రిటైరయ్యాక ఏం తోచక ఈ నడక బృందం పెట్టాడు. బస్సుకి ముందు డ్రైవరుండాలి, వెనక కండక్టరుండాలి, అంతే లెక్క. ముందు తను. వెనక ఎవరుంటారు? "మా మరదలుంది కదా" అన్నాడు. అప్పటినుంచి అందరి వెనకా ఆఖరున నడవడం చిట్టి వంతు. దానికి తోక అని ముద్దుపేరు కూడా పెట్టాడు. తల ప్రాణం తోకకి రావడమంటే ఏమిటో చిట్టికి తెలిసినట్టు ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

రూలు ఒకటే. దారిలో బెంచీ ఉన్న ప్రతిచోటా ముందువాళ్ళు ఆగుతారు. వెనకవాళ్ళు వచ్చి కలిసేదాకా కదలరు. తోక వచ్చిందంటే అందరూ వచ్చినట్టే. అప్పుడు బావ చెయ్యి పైకెత్తి "రైట్ రైట్" అంటాడు, బండి కదులుతుంది. చూసినవాళ్ళంతా ఎంత పద్ధతిగా నడిపిస్తున్నాడో అని మెచ్చుకునేవారు. చిట్టీ మెచ్చుకునేది. ఆ తర్వాత ఇంటికొచ్చి, మెట్లెక్కి, బూట్లైనా విప్పకుండా మంచమ్మీద వాలిపోయేది. వయసైపోయింది, ఇంక నావల్ల కాదు అనుకునేది. బావా, వేరే తోకని వెతుక్కోండి అని చెప్పేద్దామని ఈ మధ్య ప్రతివారమూ నోటిదాకా తెచ్చుకుని మింగేస్తోంది.

ఈ ఆదివారం ఎలాగైనా చెప్పేసేదే. కానీ అక్క వస్తానంది.

అక్కకి వానాకాలంలో ఛాతీలో నెమ్ము చేరింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు, ఇంట్లో చాలాకాలం మంచమ్మీదే ఉంది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, కాళ్ళలో సత్తువ మాత్రం పోయినచోటినుంచి తిరిగి రాలేదు. డాక్టరు మొహమాటం లేని మనిషి. "నడిస్తే కాళ్ళుంటాయి. నడవకపోతే మంచముంటుంది. మీ ఇష్టం" అన్నాడు. దాంతో బావ ఆమెను రెండుసార్లు నడకకి తీసుకొచ్చాడు. రెండుసార్లూ సగం దారిలో చెక్క వంతెన దగ్గర చతికిలబడి, ఎవరిదో బండి పట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది. రెండోసారి ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. అక్క ఏడవడం చిట్టి పెద్దగా చూసింది లేదు.

ఈ పొద్దున టీ తాగుతూ అక్క తేల్చి చెప్పేసింది. "ఇవాళ మీ నడక చివరిదాకా, ఆ లైట్‌హౌస్ దాకా వస్తే వచ్చినట్టు. రాలేకపోయానో, ఇంక నన్ను నడవమని ఎవరూ అడక్కండి. మంచం ఉంది, కిటికీ ఉంది, నాకది చాలు."

బావ "ఛ, అవేం మాటలు" అన్నాడు గానీ అతని మొహం పాలిపోయింది. అక్క అన్నమాట మీద నిలబడే మనిషి. మంచమే చాలంటే నిజంగానే మంచం దిగదు. అలా పడుకున్నవాళ్ళని ఆస్పత్రిలో చిట్టి చూడలేదు గానీ, వాళ్ళ దుప్పట్లని రోజూ చూస్తుంది. ఇవాళ తాడో పేడో తేలిపోతుందన్నమాట. తోక ఉద్యోగానికి రాజీనామా ఇంకో వారం చూసుకోవచ్చనుకుని బూట్లు బిగించింది.

ఆఖరి స్టాపులో బస్సు దిగేసరికి మామూలుగా వచ్చే అయిదారుగురూ వచ్చేసి ఉన్నారు. రిటైరైన పోస్టుమాస్టరు గారు, సైన్సు పంతులమ్మ, ఇంకా ఒకరిద్దరు. పోస్టుమాస్టరు గారు అక్కని చూసి చేతులు జోడించి, "మీరొచ్చారు, అది చాలమ్మా" అన్నారు. అలా ముందే సర్టిఫికెట్ ఇస్తే మనిషికి నీరసం వస్తుందని ఆయనకెవరు చెప్తారు?

దారి నిజానికి మంచిదే. దాన్ని ఆడిపోసుకోకూడదు. ఒకవైపు పొలాలు, ఒకవైపు గడ్డి దిబ్బలు, దిబ్బల కింద సముద్రం. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. చంటిపిల్లల బండి కూడా తోసుకుపోవచ్చు. మొదట్లో అక్క బాగానే నడిచింది. ఉప్పుగాలి మొహానికి తగులుతుంటే, "ఇంట్లో ఈ గాలి ఉండదు చిట్టీ" అని చిన్నగా నవ్వింది కూడా. ముందువాళ్ళు మాట్లాడుకుంటూ పోయారు. కాసేపటికి వాళ్ళ మాటలు వినపడడం మానేశాయి, ఇంకాసేపటికి వాళ్ళు కనపడడం మానేశారు. అక్క అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. ఆ అడుగుకి సరిపోయేట్టు నడవడం ఎంత కష్టమో నడిచినవాళ్ళకే తెలుస్తుంది. తన నడక తను నడిస్తే అలుపుండదు, ఇంకొకరి నడక నడిస్తేనే నడుం పడిపోతుంది.

మొదటి బెంచీ కనబడేసరికి అక్క ఊపిరి ఈలవేస్తోంది. అక్కడ అందరూ హాయిగా కూర్చున్నారు. పంతులమ్మ బూటు విప్పి సాక్సు సర్దుకుంది. ఎవరో నారింజపండు ఒలిచారు, తొక్కల వాసన గాలిలో ఉంది. వీళ్ళిద్దరినీ చూడగానే బావ మొహం వెలిగిపోయింది.

"వచ్చేశావా! చూశారా, ఎంత బాగా నడిచిందో! రైట్ రైట్."

అందరూ లేచారు. పోస్టుమాస్టరు గారు మర్యాద తెలిసిన మనిషి, తన చోటు చూపించి, "రండమ్మా, కూర్చోండి. మేం చాలాసేపు కూర్చున్నాం" అన్నారు. అని, బెంచీ ఇచ్చి, తను వెళ్ళిపోయారు. అక్క బెంచీ వీపుమీద చెయ్యి వేసి నిలబడింది. కూర్చోబోయింది కూడా. అప్పటికే ముందువాళ్ళు మలుపు దాకా వెళ్ళిపోయారు.

"పద అక్కా, మళ్ళీ వెనకబడిపోతాం" అంది చిట్టి. ఆ మాట తన నోటికి ఎంత అలవాటో! ఇన్నేళ్ళలో ఎందరితో అనుంటుందో.

వంతెన దగ్గరా అంతే. కాలవ మీద చెక్క వంతెన, దాని ఇవతల రెండు బెంచీలు. వీళ్ళు దూరం నుంచి కనబడగానే వాళ్ళు సీసాలకి మూతలు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. బావ రెండడుగులు ఎదురొచ్చి, "పోయినసారి ఇక్కడే కదా ఆగిపోయావు. ఇవాళ దాటేస్తున్నావు!" అన్నాడు. అతని గొంతులో ఆశ వింటే జాలేసింది. అక్క నీళ్ళు రెండు గుక్కలు నిలబడే తాగి వంతెన మీద కాలు పెట్టింది. చెక్కలు కిర్రుమన్నాయి. ఆమె పెదాలు తెల్లబడి ఉన్నాయి. చిట్టి మోకాళ్ళలో ఎవరో సూదులు గుచ్చుతున్నట్టుంది. ఇద్దరిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో పైవాడికే తెలియాలి.

"అక్కా, పోనీ వెనక్కి వెళ్ళిపోదామా?" అంది చిట్టి, అనకూడదని తెలిసీ.

"ఇప్పుడు వెనక్కొస్తే ఇంక ముందుకి రాను. నీకు తెలుసుగా."

తెలుసు. అందుకే ఇంక ముందుకే నడిచింది.

మూడో బెంచీ చిన్న గేటు పక్కన ఉంటుంది. అక్కడినుంచి లైట్‌హౌస్ కళ్ళెదురుగా కనిపిస్తుంది. మధ్యలో గడ్డి మైదానం, కొంచెం ఎత్తు దారి, అంతే. వీళ్ళు వచ్చేసరికి అందరూ అప్పటికే లేచి నిలబడి ఉన్నారు. బావ గేటు తెరిచి పట్టుకున్నాడు, బస్సు తలుపు పట్టుకున్నట్టు.

అక్క గేటు వైపు వెళ్ళలేదు. తిన్నగా వెళ్ళి బెంచీ మధ్యలో కూర్చుంది.

"నేను రాను" అంది.

అయిపోయిందనుకుంది చిట్టి. ఇంటికి వెళ్ళడం, అక్క మంచమెక్కడం, కిటికీ, గోడ, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

బావ గేటు వదిలేసి వచ్చాడు. "అదిగో లైట్‌హౌస్. చెయ్యి చాస్తే అందేట్టుంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు రాలేనంటే ఎలా?"

"రాలేనన్లేదు. రానన్నాను."

"రెండూ ఒకటే కదా."

"కాదు. మీరిక్కడికి వచ్చి ఎంతసేపైంది?"

"చాలాసేపైంది. నీకోసమే చూస్తున్నాం."

"చూస్తూ ఏం చేశారు?"

"ఏం చేస్తాం, కూర్చున్నాం."

"మరి నేనెంతసేపు కూర్చున్నాను?"

"నువ్విప్పుడే కదా వచ్చా..." అని బావ మధ్యలో ఆగిపోయాడు.

అక్క ఊపిరి కూడదీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అరవలేదు. అరిచే ఓపిక ఎక్కడిది? "అక్కడ పొలాల దగ్గర మీరు కూర్చున్నారు, నేను వచ్చేసరికి లేచారు. వంతెన దగ్గర కూర్చున్నారు, నేను వచ్చేసరికి లేచారు. ఇక్కడ నేను రాకముందే లేచారు. బాగా నడిచేవాళ్ళకేమో మూడుసార్లు విశ్రాంతి. నడవలేనిదాన్ని నేను, నాకొక్కసారి లేదు. ఇదెక్కడి లెక్కండీ?"

"అది కాదు, బస్సన్నాక ఆఖరి మనిషి ఎక్కగానే..."

"బస్సెక్కినవాడు సీట్లో కూర్చుంటాడు, బస్సు నడుస్తుంది. ఇక్కడ నడిచేది నా కాళ్ళు!"

పంతులమ్మ నవ్వబోయి ఆపుకుంది. పోస్టుమాస్టరు గారు తన బూట్లవైపు చూసుకున్నారు. బావ తలమీద టోపీ తీసి, చేతిలో నలిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"పోయిన రెండుసార్లూ నాకు చేతకాదనే అనుకున్నాను. ఇంక నా పని అయిపోయిందనుకుని ఏడ్చాను. ఇంట్లో మటుకు? అందరికీ వడ్డించి నేను కంచం ముందు కూర్చునేసరికి మీరు చెయ్యి కడిగేసుకుని, మజ్జిగుందా అని అడుగుతారు. అది అలవాటైపోయి ఇది కనపడలేదు." అక్క చిట్టివైపు చూసింది. "నాదేముంది, నేను వచ్చింది మూడుసార్లు. ఇది మీ వెనకాల ఎన్నేళ్ళ నుంచి నడుస్తోంది? వారమంతా నిలబడే పని. ఒక్క ఆదివారం, ఒక్క బెంచీ మీద, ఇది కూర్చోవడం మీరెవరైనా చూశారా?"

అందరూ చిట్టివైపు తిరిగారు. ఆమె అప్పటికీ నిలబడే ఉంది, సంచీ భుజానే ఉంది. అయ్యో అదేం లేదు, నాకలవాటే అని అనబోయింది. మర్యాదకి అనాల్సిన మాటలు అవే. కానీ నోరు తెరిస్తే మాటకి బదులు ఏడుపొచ్చింది. తనకి వయసైపోలేదు. ఇన్నేళ్ళూ తనని ఎవరూ కూర్చోనివ్వలేదు, అంతే. అంత చిన్న సంగతి అక్క మూడుసార్లు నడిచి కనిపెట్టింది, తను వందలసార్లు నడిచీ కనిపెట్టలేకపోయింది. ఒక్కసారి వచ్చి మళ్ళీ మొహం చూపించనివాళ్ళు గుర్తొచ్చారు, కర్రతో వచ్చిన పెద్దాయన, ఆయాసపడే లావుపాటి ఆవిడ. ఆరంభశూరులని వాళ్ళ గురించి బావతో కలిసి నవ్వింది. సిగ్గేసింది, కోపమొచ్చింది, రెండిటికీ మించి అలుపొచ్చింది.

"నాకు తట్టనేలేదే" అన్నాడు బావ, ఎవరితోనో తెలియకుండా.

"ముందున్నవాళ్ళకి తట్టదు" అంది అక్క. "సరే, అందరూ కూర్చోండి. నేను లేచేదాకా ఎవరూ లేవద్దు."

బావే మొదట కూర్చున్నాడు, బెంచీమీద కాదు, గడ్డిలో. జీవితంలో అతన్ని ఒకరు ఆపడం అదే మొదలేమో, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాపి, ముడిచి, మళ్ళీ చాపాడు. తక్కినవాళ్ళూ సర్దుకున్నారు. అక్క పక్కకి జరిగి బెంచీ మీద చెయ్యి తట్టింది. చిట్టి వచ్చి కూర్చుంది. సంచీ దింపింది. బూట్లు విప్పింది. పాదాలకి గాలి తగిలితే ఒళ్ళంతా ఒక్కసారి జివ్వుమంది. వెనక బెంచీ వీపుకి తల ఆనించింది. ఎదర సముద్రం ఏదో గొణుగుతోంది. కాసేపు అందరూ ఏవేవో మాట్లాడుకున్నారు. పంతులమ్మ బిస్కెట్లు పంచింది. ఒకటి చిట్టి చేతిలోనూ పెట్టింది. దాన్ని తిన్నదో లేదో చిట్టికి తర్వాత గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ మొహం మీదికి వచ్చింది. పక్కన అక్క లేదు. బావ లేడు. ఎవరూ లేరు. చుట్టూ సంచీలున్నాయి, ఒంటిమీద బావ కోటు కప్పి ఉంది. చిట్టి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. తోకకి మొదట వచ్చే భయం ఒకటే, ఎవరు తప్పిపోయారు? ఆ తప్పిపోయింది తనేనని అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అక్కకి ఏమైనా అయిందా, బండిలో ఎక్కించి తీసుకుపోయారా? వట్టికాళ్ళతోనే గేటు దాకా పరిగెత్తింది.

ఎత్తు దారి మీద కనిపించారు. ముందు అక్క ఉంది, ఎర్రటి శాలువా చుట్టుకుని. నాలుగడుగులు వేసి ఆగుతోంది. ఆమె ఆగితే వెనక అందరూ ఆగుతున్నారు. అందరికంటే వెనక బావ ఉన్నాడు. అతనికి మెల్లగా నడవడం చేతకావడం లేదు. ఒక అడుగు పొరపాటున పెద్దదిగా వేసేస్తాడు, ముందున్నవాళ్ళ మడమ తొక్కబోయి ఆగుతాడు, నడుం మీద చెయ్యి వేసుకుని ఆకాశం కేసి చూస్తాడు. చిట్టికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఏడుపులా వచ్చింది గానీ నవ్వే.

గేటు పట్టుకుని చూస్తూనే ఉంది. అక్క ఒకచోట ఒంగిపోయి మోకాళ్ళ మీద చేతులు వేసుకుంది. ఎవరూ "పద" అనలేదు. అక్కడే గడ్డిలో అందరూ కూర్చున్నారు. అక్క లేచాకే లేచారు. మళ్ళీ నడిచారు. చివరికి ఎర్ర శాలువా తెల్లగోడ దగ్గరికి చేరింది. అక్క చెయ్యి చాపి గోడ మీద అరచెయ్యి ఆనించి, అలా చాలాసేపు నిలబడింది. వెనక్కి తిరిగి గేటు వైపు చెయ్యి ఊపింది.

చిట్టి కూడా ఊపింది. తర్వాత వచ్చి బెంచీమీద కూర్చుంది. వెళ్ళి వాళ్ళని కలుద్దామనిపించలేదు. ఇన్నేళ్ళలో తను కూర్చుని ఉండగా తనవైపు ఎవరో నడిచిరావడం ఇదే మొదలు.

తిరుగుదారిలోనూ వాళ్ళు ఆగి ఆగి వచ్చారు. మొదట అక్క వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి. సంచీలు పక్కకి తోసి చిట్టి చోటిచ్చింది. అక్క కూలబడి కళ్ళు మూసుకుంది. "వచ్చేవారం నా కాళ్ళు పీకుతున్నాయన్నా ఎవరూ నన్ను వదిలిపెట్టకండి" అంది, కళ్ళు తెరవకుండానే. ఆ తర్వాత పంతులమ్మ, పోస్టుమాస్టరు గారు, తక్కినవాళ్ళు వచ్చారు. అందరికంటే ఆఖరున బావ గేటు దాటాడు. చెమటలు కక్కుతున్నాడు. "అమ్మో, వెనక నడవడం నా వల్ల కాదు మరదలా. ఒళ్ళు హూనమైపోయింది" అని బెంచీ కోసం చూశాడు.

ఆఖరి మనిషి గేటు దాటడం చూడగానే చిట్టి చేతులు వాటంతటవే సంచీ అందుకున్నాయి. సగం లేచింది కూడా.

అక్క కళ్ళు తెరిచింది. "ఎక్కడికి?"

"అందరూ వచ్చేశారుగా."

"వస్తే?"

చిట్టి సంచీ కింద పెట్టి, బావకి కాస్త చోటిచ్చి, మళ్ళీ కూర్చుంది.